ఎండతో హైడ్రోజన్ పెరాక్సైడ్: ల్యాబులో చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

రొయ్యల_రైతు: మాది భీమవరం పక్కన. తెల్లవారుజామున డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి రొయ్యలు పైకి తేలితే అర్జెంటుగా పెరాక్సైడ్ కొడతాం. ఎండ, నీళ్లు, గాలి, ఏదో పొడి ఉంటే అది తయారవుతుందని మా అబ్బాయి ఫోన్లో చూపించాడు. గట్టు మీదే చేసుకోవచ్చా?

నాలుగో_ఏడు_పీహెచ్‌డీ: నా పని ఇదేనండి. ఆ పొడిని కాఫ్ అంటారు, కోవలెంట్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్. 2005లో ఒమర్ యాఘీ బృందం మొదటిసారి చేసింది. తేనెపట్టులా గదులుంటాయి, ఒక్కో గది రెండు మూడు నానోమీటర్లు. వెలుగు పడితే అందులో ఎలక్ట్రాన్లు కదులుతాయి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ రెండేసి ఎలక్ట్రాన్లు అందుకుని పెరాక్సైడ్ అవుతుంది. చేయడమే నరకం. గాజు గొట్టం సీల్ చేసి 120 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచుతాం. పసుప్పచ్చ పొడి వస్తే పండగే. నాకు వరసగా పదకొండుసార్లు బంక వచ్చింది.

పాత_కెమిస్ట్: ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ దాదాపు అంతా ఆంత్రాక్వినోన్ పద్ధతే. హైడ్రోజన్ గ్యాసు, పల్లేడియం, సాల్వెంట్లు, ఆపైన గాఢమైన సరుకు రవాణా. అందుకే ఎండ మీద ఇంత ఆశ. ఒసాకా యూనివర్సిటీవాళ్లు 2019లో చవకైన రిసార్సినాల్-ఫార్మాల్డిహైడ్ రెసిన్‌తో, ఎండలోని శక్తిలో 0.5 శాతానికి పైగా పెరాక్సైడ్‌లోకి మళ్లించారు. అది నాకు నచ్చింది. సరే, నీకెంత వస్తోంది బాబూ?

నాలుగో_ఏడు_పీహెచ్‌డీ: గ్రాము పొడికి గంటకు 1000 మైక్రోమోల్స్ పెరాక్సైడ్.

పాత_కెమిస్ట్: గ్రాము వేశావా?

నాలుగో_ఏడు_పీహెచ్‌డీ: 5 మిల్లీగ్రాములు, 20 మి.లీ. నీళ్లలో. గంటకు 5 మైక్రోమోల్స్. శాతంలో 0.00085. మెడికల్ షాపులో దొరికే 3 శాతం సీసా దీనికి మూడున్నర వేల రెట్లు గాఢం. 😅

బ్లాంక్_చేశారా: అందుకే గ్రాము లెక్కలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పొడి తగ్గించే కొద్దీ అంకె పెరుగుతుంది. ఇంకోటి, దిగుబడి పెరగాలని ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్ కలిపి చేసేవాళ్లు జాగ్రత్త. పెరాక్సైడ్ ఉందో లేదో చూద్దామని నేను అయొడైడ్ వేస్తే చక్కగా పసుపు రంగు వచ్చింది. సంబరపడి పొడి వేయని సీసాలోనూ వేశాను. అదే పసుపు! ఐసోప్రొపనాల్ పాతది, పెరాక్సైడ్ అందులో ముందే చేరి ఉంది. ఆరు వారాల డేటా చెత్తబుట్టలోకి. కాఫ్ పనితనం చూడాలంటే ఉత్త నీళ్లలో చేయండి.

రొయ్యల_రైతు: అంకెలు నాకెక్కవు గానీ, మాకు అవసరం పడేది మబ్బు రోజుల్లో, తెల్లారకముందు. అప్పుడు ఎండెక్కడిది?

నాలుగో_ఏడు_పీహెచ్‌డీ: పగలు చేసి దాచుకోవచ్చండి. కాకపోతే ఇనుము ఏమాత్రం తగిలినా పెరాక్సైడ్ నీళ్లు, ఆక్సిజన్‌గా విరిగిపోతుంది. పైగా విరిగినప్పుడు వచ్చే ఆక్సిజన్, తయారీలో గాలిలోంచి తీసుకున్నంతే.

రొయ్యల_రైతు: గాలిలో ఆక్సిజన్ నీళ్లలోకి దించడమేగా? మా ఏరేటర్ అదే చేస్తోంది, కరెంటు ఉంటే.