‘సైక్లింగ్’కి మన మాట ఏది?

ఒక మాట కోసం వచ్చానండి. పిల్లల పోరు పడలేక ఇంట్లో మొదటిసారి చేపల తొట్టి పెట్టాం. గులకరాళ్లు కడిగి పరిచి, నీళ్లు పోసి, ఫిల్టర్ ఆన్ చేశాం. మొదట కాస్త మడ్డిగా ఉన్న నీళ్లు మర్నాటికి అద్దంలా అయిపోయాయి. ‘నీళ్లు తేరాయి, ఇక చేపల్ని వదలొచ్చు’ అని తీర్పు చెప్పింది నేనే. ఆరింటిని వదిలాం, వారం తిరక్కుండా నాలుగు పోయాయి. చిన్నది ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

తర్వాత చదివితే, ముందు ‘సైక్లింగ్’ చేయాలట. ఆ మాట ఇంట్లో అంటే మా అమ్మ ‘తొట్టిలో సైకిలేంట్రా?’ అంది. పోనీ అని, ‘కొన్ని వారాలు నీళ్లు నిలవ ఉంచాలమ్మా’ అన్నాను. ‘మురిగిపోవూ?’ అంది. ఆవిడ అడిగింది సబబే. మన భాషలో నిలవ నీళ్లంటే మంచి నీళ్లు కావు. ఈ పనికి తగిన మాట ఎవరైనా చెప్తారా?

•

చిక్కంతా ‘తేరడం’ దగ్గరే వచ్చిందండి. మడ్డి అడుక్కి దిగి పైన తేట మిగిలితే నీళ్లు తేరాయంటాం. అది కంటికి కనబడే శుభ్రత. మీ చేపల్ని చంపింది కంటికి కనబడేది అయి ఉండదు. చేపల మొప్పల నుంచి, మలం నుంచి, తినకుండా వదిలేసిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. నీళ్లలో దానికి రంగుండదు. ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో జాతి ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. దాన్ని మాత్రం చేపలు కొంతవరకు తట్టుకుంటాయి, మొక్కలుంటే పీల్చుకుంటాయి. ఈ రెండు జాతులూ సరిపడా పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. వాటిని అలా పెరగనివ్వడమే మీరు చదివిన ‘సైక్లింగ్’. కొత్త తొట్టిలో నడుమ ఒక్కోసారి నీళ్లు పాలవిరుగుడులా మసకబారతాయి, అదీ బాక్టీరియా పనే. అంటే తేట నీళ్లు ప్రమాదం కావచ్చు, మసక నీళ్లు మామూలే కావచ్చు. నేనైతే దీన్ని ‘మాగడం’ అంటాను. తొందరపెడితే మాగదు కదా.

•

మాగడం బాగుంది గానీ, మాగిన కాయకి తర్వాతి మెట్టు కుళ్లడమే! ‘ఊరడం’ అందామంటే చెలమలో నీళ్లు ఊరినట్టు ఉంటుంది. నా ఓటు ‘కుదురుకోవడం’. కుండ దొర్లకుండా కింద పెట్టే చుట్టని కుదురు అంటాం, చెట్టు మొదట్లో చేసే పాదుకీ ఆ పేరుంది. కొత్త ఇంట్లోకి వచ్చినవాళ్లని ‘కుదురుకున్నారా?’ అని అడుగుతాం. ‘నీళ్లు తేరాయి గానీ ఇంకా కుదురుకోలేదు’ అంటే మీ అమ్మగారికి వేరే వివరణ అక్కర్లేదు.

•

చిన్న సవరణ. కుదురుకునేది నీళ్లు కాదు, తొట్టి. ఆ బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది తక్కువ, ఫిల్టర్ స్పాంజీని, గులకరాళ్లని పట్టుకుని ఉండేదే ఎక్కువ. అందుకే స్పాంజీని కుళాయి కింద కడగకూడదు, క్లోరిన్ తగిలితే పెంచిందంతా పోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండుకోవాలి. ఫిల్టర్‌ని రాత్రిళ్లు ఆపకూడదు కూడా. ‘కొత్త నీరు వచ్చి పాత నీటిని నెట్టేసినట్టు’ అన్న మాట ఇక్కడ పనికిరాదండీ, వారానికి నాలుగో వంతు మారిస్తే చాలు. పోసే నీళ్లలో క్లోరిన్ విరిచే మందు తప్పనిసరి. క్లోరిన్‌కి బదులు క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలిపిన నీళ్లయితే ఒక రోజు ఉంచినా అది పోదు.

•

తెలిసినవాళ్ల ఇంట్లో ఎప్పట్నుంచో నడుస్తున్న తొట్టి ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజీలో ఒక ముక్క అడిగి తెచ్చుకోండి. తడి ఆరనివ్వకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెడితే వారాల పని బాగా తగ్గుతుంది. అక్కడ చేపలకి జబ్బు లేదని మాత్రం ముందే చూసుకోండి. దీనికి మాట వెతకక్కర్లేదు, అది ‘తోడు వేయడం’. పాలకి వేసినట్టే, ఉన్న జీవాన్ని కొత్తదాంట్లో కలపడం. తమాషా చూడండి, వారం వారం నీళ్లు తోడటమూ తోడే, స్పాంజీ ముక్కా తోడే.

మాటల గొడవ వచ్చింది కాబట్టి ఇంకోటి. లాటిన్‌లో ‘అక్వేరియం’ అంటే పశువులు నీళ్లు తాగే చోటు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ తన పుస్తకానికి ఆ పేరు పెట్టాక చేపల అర్థం స్థిరపడింది. మన ‘తొట్టి’ కూడా పశువులు నీళ్లు తాగేదే కదా! ఇక ‘మత్స్యాగారం’ లాంటివి కొత్తగా కుట్టడం దేనికో నాకు అర్థం కాదు.

•

తోడు, కుదురు రెండూ తీసుకున్నానండి. మరి మిగిలిన ఆ రెండు చేపల సంగతేంటి? తీసి పెట్టడానికి వేరే చోటు లేదు.

•

ఉండనివ్వండి. మేత బాగా తగ్గించండి, రోజూ టెస్ట్ కిట్‌తో చూడండి, అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కనబడితే ఆ రోజే కొంత నీరు తోడి మార్చండి. రెండూ 0 దగ్గర నిలిచి, నైట్రేట్ మాత్రం కనబడుతుంటే కుదురుకున్నట్టు. అప్పుడు కూడా కొత్తవాటిని ఒకేసారి గుంపుగా వదలకండి, ఒకటీ రెండూ చొప్పున.

•

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. స్పాంజీ ముక్క దొరికింది, రెండు చేపలూ బాగున్నాయి. అమ్మోనియా 0. నైట్రైట్ ఇంకా కొద్దిగా చూపిస్తోంది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో తొట్టి దగ్గరికొచ్చి మా అమ్మ ‘కుదురుకుందా?’ అని అడుగుతుంది. నేను చెప్పేలోపే చిన్నది, ‘ఇంకా లేదు నానమ్మా, తేరిందంతే’ అంటోంది.