మాడ్రిడ్ నుంచి లిస్బన్‌కి ఇరవై నిమిషాలేనా? టికెట్‌లో టైము తప్పు పడిందా?

కావలి వాసి:
మా తమ్ముడు చెన్నైలో ఎక్కి దోహా మీదుగా మాడ్రిడ్‌కి, ఆడి నుంచి లిస్బన్‌కి పోతుండాడు. రెండూ వేరువేరు టికెట్లు. రెండో దాంట్లో ఉదయం 10:00కి బయల్దేరి 10:20కి దిగుతుందని ఉంది. మ్యాపులో చూస్తే రోడ్డు దూరం 625 కిలోమీటర్లు. ఇరవై నిమిషాల్లో ఎట్టా పోతాడు? దోహా విమానం దిగినాక రెండున్నర గంటల టైముంది, చాలదా? లేకుంటే రైలేమన్నా ఉందా?

పెన్నా గట్టు:
టికెట్ సరిగ్గానే ఉందన్నా. రెండు టైములూ ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. పోర్చుగల్ గడియారం స్పెయిన్ కంటే గంట వెనక. కాబట్టి అసలు ప్రయాణం 1 గంట 20 నిమిషాలు. తిరుగు టికెట్ చూడండి, 10:00కి ఎక్కితే 12:20కి దిగినట్టు ఉంటుంది. ఎండాకాలం కోసం గడియారం గంట ముందుకు జరిపేది, మళ్లీ వెనక్కి తెచ్చేది రెండు దేశాలూ ఒకే రోజు చేస్తాయి, అందుకని ఈ తేడా ఏడాదంతా మారదు.

నిజానికి సూర్యుడి లెక్కన రెండు ఊళ్లకీ తేడా 22 నిమిషాలే. 1940లో స్పెయిన్ తన గడియారాన్ని గంట ముందుకు జరుపుకొని అక్కడే ఉండిపోయింది.

దూరం సంగతి: రోడ్డు మీద దాదాపు మన నెల్లూరు నుంచి విశాఖ ఎంతో అంత. గాల్లో మాత్రం 513 కిలోమీటర్లే. గంటకి 800 వేగంతో లెక్కేస్తే 40 నిమిషాలు కూడా పట్టదు. కానీ ఇంత దగ్గర ప్రయాణంలో విమానం పైకి లేవడం, కిందికి దిగడమే సగం పైన తినేస్తుంది. మాడ్రిడ్ బరాహాస్ ఎయిర్‌పోర్టులో రన్‌వే దాకా పోవడమే చాలాసేపు. లిస్బన్‌లో రన్‌వే ఒక్కటే, రద్దీ ఉంటే పైన తిప్పుతారు. పోయేటప్పుడు ఎదురుగాలి కూడా.

కొత్తపట్నం తీరం:
టైము కంటే ఆ రెండున్నర గంటలే భయం అన్నా. వేరు టికెట్లు గనక బ్యాగులు మామూలుగా మాడ్రిడ్ దాకానే వస్తాయి. దోహా విమానం టీ4ఎస్‌లో (టెర్మినల్ 4కి అనుబంధ భవనం) దిగుతుంది. ఇమిగ్రేషన్ అయ్యాక ఎయిర్‌పోర్టు లోపలి రైల్లో టీ4కి (టెర్మినల్ 4) వచ్చి బ్యాగులు తీసుకోవాలి. తర్వాతది ట్యాప్ (పోర్చుగల్ విమాన సంస్థ) విమానమైతే టీ2 నుంచి పోతుంది. టీ4 బయట ఉచిత బస్సెక్కి అక్కడికి చేరి, మళ్లీ బ్యాగులిచ్చి, సెక్యూరిటీ దాటాలి. బ్యాగుల కౌంటర్ 40 నుంచి 60 నిమిషాల ముందే మూసేస్తారు. పైగా 2025 అక్టోబరు 12 నుంచి షార్ట్ స్టే వీసా వాళ్లకి వేలిముద్రలు, ఫొటో తీసుకోవడం మొదలైంది, క్యూ ఇంకా సాగుతుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది అందకపోతే ఆ డబ్బులు ఎవరూ ఇవ్వరు. నాలుగున్నర గంటలకి తక్కువ పెట్టుకోవద్దు.

లిస్బన్‌లో మళ్లీ ఇమిగ్రేషన్ ఉండదు, రెండు దేశాలూ షెంగెన్‌లోవే (తమ మధ్య సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమి).

పెన్నా గట్టు:
రైలు ఆశ వదిలేయండి. రాత్రి నేరుగా పోయే లుసిటానియా రైలు 2020 మార్చిలో ఆగిపోయింది. ఇప్పుడు బదహోస్, ఎన్‌ట్రోంకమెంటో స్టేషన్లలో రైళ్లు మారుతూ పోవాలి, తొమ్మిది గంటలు దాటుతుంది.

కావలి వాసి:
తేదీ మార్చకుండా అదే రోజు మధ్యాహ్నం విమానం తీసుకుంటే?

కొత్తపట్నం తీరం:
అదే మేలు. ఐబీరియా (స్పెయిన్ విమాన సంస్థ) విమానం దొరికితే చూడండి, అది టీ4 నుంచే ఎగురుతుంది, బస్సెక్కే పని తప్పుతుంది.