పాలమూరు కూలీల వలసను జనగణన పట్టుకుంటుందా?

ప్రశ్న: మహబూబ్‌నగర్ నుంచి ముంబయికి కూలికి వెళ్లి, వానలు పడగానే తిరిగి వచ్చేవారు వలసదారుల లెక్కలోకి వస్తారా?

సమాధానం 1: కొద్దిమందే వస్తారు. 1971 నుంచి అడుగుతున్న ‘ఇంతకుముందు ఎక్కడ నివసించారు’ అన్న ప్రశ్న ఇల్లు మారినవారికే సరిపోతుంది; 2011లో తేలిన సుమారు 45 కోట్ల వలసదారుల్లో పెళ్లి కారణంగా ఊరు మారినవారిదే అతిపెద్ద వాటా.

సమాధానం 2: రెండు జనగణనల మధ్య పెరిగిన జనాభాలోంచి జననాలు తీసివేసి, మరణాలు కలిపితే నికర వలస (వచ్చినవారికి, వెళ్లినవారికి మధ్య తేడా) తెలుస్తుంది గాని, ఏటా వెళ్లివచ్చే కూలీ అందులో కనిపించడు.

సమాధానం 3: 2007–08 జాతీయ నమూనా సర్వే, గడచిన ఏడాదిలో నెల నుంచి ఆరు నెలల వరకు పనికోసం బయట ఉన్నారా అని విడిగా అడిగింది. రేకుల షెడ్డులో బతికే కుటుంబానికి రేషన్, బడి అందాలంటే జనగణనలోనూ ఆ ప్రశ్న తప్పక ఉండాలి.