నల్లమల రేచుకుక్కకి 'హిమజ్వాలామాలిని' అని పేరు పెట్టొచ్చా?

మద్దిచెట్టు (మోడరేటర్):
మన నల్లమల రోల్‌ప్లేలోకి, అంటే ఒక్కొక్కరం ఒక్కో జంతువుగా రాస్తూ ఆడే ఈ కథల ఆటలోకి, ఈ వారం కొత్త పాత్ర షీటు (పాత్ర వివరాలు) ఒకటి వచ్చింది. రెండేళ్ల ఆడ రేచుకుక్క. పేరు హిమజ్వాలామాలిని. నేను ఒప్పుకోలేదు, వేరే పేరు పంపమన్నాను. అప్పట్నుంచి ప్రైవేట్ మెసేజీల్లో తిట్లు తింటున్నాను కాబట్టి ఇక్కడే అందరి ముందూ తేల్చుకుందాం.

నేను అడిగేది ఒక్కటే. ఆ పేరు పెట్టిందెవరు? మనం కాదు, కథలో ఎవరు పెట్టారు? వాళ్లమ్మే పెట్టిందనుకుందాం. ఆ తల్లి ఎప్పుడైనా మంచుగడ్డ చూసిందా? నల్లమలలో పుట్టి పెరిగిన జంతువుకి తెలిసేది మద్ది, తునికి, ఇప్ప, మోదుగ పూలు, ఎండాకాలం కార్చిచ్చు, వానాకాలం వాగులు. జ్వాల సరే, ఒప్పుకుంటా. హిమం ఎక్కణ్నుంచి వచ్చింది?

నిద్రరాని కాకి:
ఆ పాత్ర నాదే. రేచుకుక్క తెలుగులో మాట్లాడితే నీకు ఓకే. పౌర్ణమి రాత్రి ఎలుగుబంటితో ఒప్పందం చేసుకుంటే ఓకే. పేరులో మంచు కనబడగానే లాజిక్ గుర్తొచ్చిందా అన్నా? ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదింటికి ఆడుకునే ఆట ఇది. ఆ పేరు కోసం రెండు రోజులు ఆలోచించాను.

పప్పుచారు:
కాకికే నా ఓటు. కిప్లింగ్ 'జంగిల్ బుక్' 1894లో వచ్చింది. అందులో బాలూ అంటే హిందీలో ఎలుగుబంటే. హాథీ అంటే ఏనుగే. అంటే ఎలుగుబంటికి ఎలుగుబంటని పేరు, ఏనుగుకి ఏనుగని పేరు! ఇన్నేళ్లలో ఎవరైనా తప్పుపట్టారా? వినడానికి బాగుంటే చాలు.

మద్దిచెట్టు (మోడరేటర్):
తమ్ముడూ, నువ్వు నా తరఫునే వాదించావు. బాలూ, హాథీ. రెండేసి అక్షరాలు. దూరంనుంచి పిలిస్తే వినిపిస్తాయి. మాలిని గారిని పిలిచేలోపు దుప్పి గుట్ట దాటేస్తుంది. పైగా రేచుకుక్కలు వేటలో ఒకదాన్నొకటి ఈల వేసి పిలుచుకుంటాయి. ఈలలో పట్టే పేరు కావాలి.

మూడోబెంచి:
ఈల సంగతి నాకు తెలీదు గానీ, టైపింగ్ సంగతి చెప్తా. మొన్న శనివారం ట్రయల్ సీన్‌లో ఆవిడ పాత్ర ఉచ్చులో పడింది. నేను కాపాడాలి. మొదటిసారి 'హిమజ్వాలామాలిని, కదలకు' అని పూర్తిగా రాశాను. రెండోసారి కాపీ చేసి అతికించాను. మూడోసారికి 'హిమా' అయింది. ఉచ్చు తెగేసరికి 'హే' అంటున్నాను. ఎలుగుబంటి ఆడేవాళ్లు మొదట్నుంచీ 'చెల్లీ' అనే పిలిచారు. రెండు రోజులు ఆలోచించిన పేరు ఇరవై నిమిషాల్లో అరిగిపోయింది.

గోదారిగట్టు:
జంతువులకి మనవాళ్లు పెట్టే పేర్లు ఎవరూ పట్టించుకోరేంటండీ? మా వైపు పందెం కోళ్లలో నల్ల ఈకలుంటే కాకి, ఎర్రగా ఉంటే డేగ, తెల్లగా ఉంటే సేతు. ఇంకా పర్ల, కౌజు, మైల, అబ్రాసు. పేరు వినగానే రంగు కళ్లముందుకొస్తుంది. మా తాతకి రెండు ఎడ్లుండేవి. ఒకటి కర్రోడు, ఒకటి పుల్లోడు, అవీ ఒంటిరంగు పేర్లే. నాగలి కట్టి 'కర్రోడా, ఒద్దికగా!' అనేవాడు. కర్రోడు నిజంగానే సర్దుకునేవాడు, పుల్లోడు చెవి కూడా ఆడించేవాడు కాదు. తన పేరు తనకి తెలుసన్నమాట. నా ఓటు మోడరేటర్ గారికే. (పందేలు చట్టప్రకారం తప్పు, నాకు తెలుసు. నేను పేర్ల గురించే మాట్లాడుతున్నా, ఆ గొడవ ఇక్కడికి తేవద్దు.)

తెలుగు మేడం:
పొడుగు సంస్కృతం పేర్లంటే ఎందుకంత చులకన? చిన్నయసూరి నీతిచంద్రిక 1853 నాటిది. అందులో పావురాల రాజు చిత్రగ్రీవుడు, అంటే మెడ మీద రంగురంగులు ఉన్నవాడు. పావురం మెడ ఎండలో ఎలా మెరుస్తుందో చూసినవాళ్లకి ఆ పేరు విలువ తెలుస్తుంది. తాబేలు మంథరుడు, అంటే మెల్లగా నడిచేవాడు. ఇవి గోదారిగట్టు గారి కర్రోడికి ఏం తక్కువ? చూసి పెట్టిన పేర్లే, భాష మాత్రం వేరు.

అయితే ఒక చిక్కుంది. అదే పుస్తకంలో ముసలి గద్ద పేరు జరద్గవము. మాటకి అర్థం ముసలి ఎద్దు! గద్దకి ఎద్దు పేరు. మోడరేటర్ గారి రూల్ ప్రకారం చిన్నయసూరి గారి షీటు కూడా వెనక్కి వచ్చేది.

పప్పుచారు:
చచ్చాను 😂 మేడం, మరి నక్క పేరు క్షుద్రబుద్ధి కదా. ఏ తల్లైనా పుట్టిన పిల్లని ఒళ్లో పెట్టుకుని 'నా బంగారం, క్షుద్రబుద్ధీ' అంటుందా?

తెలుగు మేడం:
అది నీతి కథ నాయనా. పేరు చదవగానే పాఠకుడు జాగ్రత్తపడాలి, పేరు పని అదే. రోల్‌ప్లేలో అలా కుదరదు. నక్క మోసం చేస్తుందో లేదో ఆడేవాళ్లకే ఇంకా తెలియదు. మొదటి రోజే క్షుద్రబుద్ధి అని పెట్టుకుంటే ఇక ఆడటానికేముంది?

డల్లాస్ దుప్పి:
మేడం చెప్పింది అసలు పాయింట్. పుట్టినప్పుడు పెట్టిన పేరులో తర్వాత జరిగేది ఉండకూడదు. మన గ్రూపులో పుట్టుకతోనే 'ఒంటికన్ను' అని పేరున్న చిరుత ఉంది. కన్ను పోయింది మూడో అధ్యాయంలో! దీన్ని మాత్రం ఎవరూ ఆపలేదు.

ఇక్కడ మా పిల్లలు చదివే 'వారియర్స్' అనే పిల్లుల నవలల్లో (2003లో మొదలయ్యాయి) దీనికి ఒక పద్ధతి ఉంది. పేరులో మొదటి సగం అలాగే ఉంటుంది, రెండో సగం మారుతుంది. కూనగా ఉన్నప్పుడు ఒకటి, ఆరు నెలలకి శిక్షణలో చేరితే ఇంకోటి, పెద్దయ్యాక గుణాన్నో రూపాన్నో బట్టి వేరేది. నాయకుడైతే 'నక్షత్రం' తగిలిస్తారు. దాన్ని అలాగే తెలుగులోకి దింపితే అగ్నినక్షత్రం, పులినక్షత్రం అని డైలీ సీరియల్ టైటిళ్లలా తయారవుతాయి, అది నాకూ ఇష్టం లేదు. పద్ధతి మాత్రం తీసుకోవచ్చు. అన్నట్టు, పులి మొహం చూడని ఆ పిల్లుల్లో పులి పేరున్నవి ఉన్నాయి. వెనకటికి పులుల గుంపులు ఉండేవని వాళ్ల పురాణాలు చెప్తాయి.

నిద్రరాని కాకి:
ఆగండాగండి. పురాణంలో విని పేరు పెట్టుకోవచ్చా? అయితే నాకూ దారి దొరికింది. చలికాలంలో హిమాలయాలు దాటి మన చెరువులకి వచ్చే బాతులు ఉన్నాయి. మంచు సంగతి బాతు చెప్పింది, మా అమ్మ వింది. అయిపోయింది కదా మద్దిచెట్టన్నా?

మద్దిచెట్టు (మోడరేటర్):
...

ఇది బాగుంది. నిజంగా బాగుంది. షీటులో ఇది రాసి ఉంటే మొదటి రోజే ఒప్పుకునేవాణ్ని. నాకు కావలసింది మంచు తీసెయ్యడం కాదమ్మా, ఆ మంచు ఎలా వచ్చిందో చెప్పడం. 'కార్చిచ్చు' అని పెట్టి ఏ కథా చెప్పకపోతే అదీ నాకు అక్కర్లేదు. నా రూల్ సరిగ్గా రాయలేదు, మారుస్తాను. పొడుగు విషయంలో మాత్రం తగ్గను. డల్లాస్ గారూ, ఒంటికన్ను నేను చూసుకోలేదు, అది నా తప్పే.

తెలుగు మేడం:
ఇంకోటి కూడా చేర్చండి. తెలుగులో ఆడదానికీ జంతువుకీ క్రియ ఒకటే, 'వచ్చింది'. మగవాడైతే 'వచ్చాడు'. చుక్క అనే మగ దుప్పి ఉందనుకోండి, ఒకరు 'చుక్క వచ్చాడు' అంటారు, ఇంకొకరు 'చుక్క వచ్చింది' అంటారు, చదివేవాళ్లకి రెండు దుప్పులు కనిపిస్తాయి. కర్రోడు, మంథరుడు అంటే ఆ గొడవ లేదు. ఏది వాడాలో షీటులోనే రాయించండి.

పప్పుచారు:
నా అడవిపంది పేరు చారలోడు. చిన్నప్పుడు ఒళ్లంతా చారలు, పెద్దయ్యాక పోయాయి. అయినా అందరూ చారలోడనే అంటారు, వాడికి ఒళ్లుమంట. పేరుతోనే సగం పాత్ర వచ్చేసింది. కాకీ, రేచుకుక్క పిల్లలు కూడా పుట్టినప్పుడు ఎర్రగా ఉండవు, మసిరంగులో ఉంటాయి. పనికొస్తే వాడుకో.

నిద్రరాని కాకి:
కొత్త షీటు పెడుతున్నాను.

పేరు: మసి. క్రియ: వచ్చింది. పుట్టినప్పటి రంగు చూసి అమ్మ పెట్టింది. ఇప్పుడు ఒళ్లు ఎరుపు, తోక కుచ్చు మాత్రం నలుపు. చెరువు గట్టున ఒక బాతు దీనికి మంచు గురించి చెప్పింది. మసి నమ్మలేదు. నీళ్లు రాయిలా గట్టిపడతాయంటే ఎవరు నమ్ముతారు? కానీ ఆ రాత్రి నుంచి ఎవరూ లేనప్పుడు తనకి తాను ఇంకో పేరు పెట్టుకుని పిలుచుకుంటోంది. ఆ పేరు గుంపులో ఎవరికీ తెలియదు.

మద్దిచెట్టు (మోడరేటర్):
ఒప్పుకున్నాను. ఆ పేరేంటో మాకు తెలిసినా మా పాత్రలకి తెలియదు. మూడోబెంచీ, నోరు జాగ్రత్త.

మూడోబెంచి:
నాకు ఆ స్పెల్లింగే గుర్తులేదు.