అలిపిరి మెట్లెక్కుతూ రాళ్లు కూడా చూడాలంటే?

ప్రశ్న: వచ్చే నెల అలిపిరి నుంచి తిరుమలకు నడిచి వెళ్తున్నాం. దర్శనంతో పాటు ఈసారి కొండ రాళ్లను కూడా తీరిగ్గా చూడాలని ఉంది. ఒక్క రోజులో ఏమేం చూడొచ్చు?

జవాబు: శిలాతోరణం తప్పకుండా చూడండి. గుడికి దాదాపు కిలోమీటరు దూరం, చక్రతీర్థం పక్కనే. అది ఎవరూ చెక్కింది కాదండీ, కోట్ల ఏళ్లుగా గాలీ నీరూ మెత్తని భాగాన్ని తినేస్తే గట్టి క్వార్ట్‌జైట్ వంతెనలా మిగిలింది. క్వార్ట్‌జైట్ అంటే ఒకప్పటి ఇసుకే.

ఇంకో జవాబు: నాకైతే ఘాట్ రోడ్డు పక్కన కనిపించే అసంగతి, అంటే మధ్య కాలపు రాళ్లు లేకుండా పాత రాయి మీద కొత్త రాయి కూర్చున్న హద్దు, ఇంకా ఇష్టం. కింద గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా ఎర్రటి క్వార్ట్‌జైట్, ఆ రెండింటి మధ్య గీతలో కోట్ల సంవత్సరాల చరిత్రే లేదు, అంతా కోతకు గురై పోయింది! బస్సులో ఉంటే కిటికీ పక్క సీటు పట్టుకోండి, ఘాట్ రోడ్డు మీద నడవొద్దు.

మూడో జవాబు: తెల్లవారకముందే బయల్దేరండి. 3,550 మెట్లు, గాలిగోపురం దాకానే కష్టం, తర్వాత కాస్త చదును, చివర్లో మళ్లీ నిటారుగా మోకాళ్ల మెట్టు. చిరుతల వల్ల పిల్లల్ని చెయ్యి వదలకండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్స్ అండీ, దిగేటప్పుడు బస్సులోనే వస్తాం.