పోత భాగాల తనిఖీకి కృత్రిమ మేధ: లోపాల ఫొటోలు తక్కువగా ఉంటే ఎలా?

ప్రశ్న: నమస్కారం. బాలానగర్‌లో వాహనాలకు అల్యూమినియం పోత భాగాలు చేసే చిన్న కర్మాగారంలో నాణ్యత విభాగం చూస్తున్నాను. పగుళ్లను, బ్లో హోల్స్‌ను (వాయువు చిక్కుకుని ఏర్పడే రంధ్రాలను) కెమెరాతో పట్టుకోవాలని మా ఆలోచన. అయితే మంచి భాగాల ఫొటోలు వేలల్లో ఉన్నా, లోపమున్నవి నలభై కూడా లేవు. వీటితో మోడల్‌కు నేర్పించగలమా?

జవాబు 1: నేర్పించవచ్చండీ. మంచి భాగాల ఫొటోలతోనే శిక్షణ ఇచ్చి, వాటికి భిన్నంగా కనిపించిన ప్రతిదాన్నీ అనుమానించేలా చేసే పద్ధతి ఉంది. ఇలాంటి పద్ధతులను పరీక్షించేందుకు 2019లో వెలువడిన చిత్రాల సంకలనం ఎంవీటెక్ ఏడీ డేటాసెట్‌లోని 15 రకాల వస్తువులు, ఉపరితలాలకు శిక్షణ చిత్రాలన్నీ లోపం లేనివే. మీ నలభై ఫొటోలను పరీక్షకే దాచుకోండి.

జవాబు 2: మోడల్ కన్నా ముందు వెలుతురు చూసుకోండి. మా దగ్గర కటింగ్ ఆయిల్ మరకను కెమెరా పగులుగా చూపేది. భాగాన్ని తుడిచి, లైటును పక్కనుంచి ఏటవాలుగా వేశాక, వెంట్రుకంత పగులు కూడా నీడగా స్పష్టంగా కనిపించింది.

జవాబు 3: పై ఇద్దరితో ఏకీభవిస్తాను. అయితే మంచి భాగాన్ని తిరస్కరిస్తే పోయేది కొంత డబ్బు, పగిలినదాన్ని వదిలేస్తే ప్రమాదం వాహనంలో కూర్చున్నవారికి. కాబట్టి మంచిదా కాదా అని మోడల్ తేల్చే హద్దును కఠినంగా పెట్టి, అనుమానమున్నవాటిని అనుభవజ్ఞుడైన ఇన్‌స్పెక్టర్‌కే పంపండి. తిరస్కరణల లెక్కను 1924లో అమెరికన్ గణాంక నిపుణుడు షూహార్ట్ రూపొందించిన కంట్రోల్ చార్టులో (లెక్క మామూలు హద్దులు దాటిందో లేదో చూపే గ్రాఫులో) రోజూ గుర్తిస్తే, డై (లోహపు అచ్చు) ఉష్ణోగ్రతలోనో కరిగిన లోహంలోని హైడ్రోజన్ మోతాదులోనో తేడా ఎప్పుడు మొదలైందో వెతకడం సులువవుతుంది.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలండీ. సోమవారం లైటింగ్‌తోనే మొదలుపెడతాం.