జపాన్ వాళ్లకి పాతిల్లంటే ఎందుకంత చులకన?

కవాగుచి_కుర్రాడు: సైతామాలో 1996లో కట్టిన చెక్క ఇల్లు చూశాం. దాదాపు నేల ధరకే ఇస్తున్నారు, ఇల్లు నిక్షేపంలా ఉంది. మా ఆవిడ (ఇక్కడమ్మాయే) ‘చూకో’ అని మొహం తిప్పేసింది. సెకండ్ హ్యాండ్ కారుకీ, ఇంటికీ వీళ్లది ఒకటే మాట. ఏంటి వీళ్ల బాధ?

గట్టుమీద_గోపి: 22 ఏళ్లు! పన్ను లెక్కల్లో చెక్క ఇంటి ఆయుష్షు అంతే. అది దాటాక కొనేవాడు నేలకే ధర కడతాడు.

నిషికసాయి_రావు: ఆ 22 తరుగుదల లెక్క. ఇల్లు 22 ఏళ్లకి కూలుతుందని కాదు.

గట్టుమీద_గోపి: కూలుతుందని నేనెక్కడన్నాను?

తుంపర: ఇసే గుడినే 20 ఏళ్లకోసారి కొత్తగా కడతారు, మీ ఇల్లెంత!

నిషికసాయి_రావు: నారాలోని హోర్యూజి బౌద్ధాలయం కూడా చెక్కదే. వెయ్యేళ్లు దాటినా నిలబడే ఉంది. గోపిగారు 22 పట్టుకుని వేలాడుతున్నారు. నేను చిబాలో కొత్తిల్లు కొన్నా. తాళం చేతికొచ్చిన రోజే అది చూకో అయిపోయింది. బదిలీ మీద అమ్మితే ఎంత పోయిందో నాకే తెలుసు.

సునామి_సుబ్బు: భూకంపం మాటెత్తరేం? 1995లో కోబెలో చాలామంది పాత చెక్క ఇళ్ల కిందే పోయారు. 1981లో నిబంధనలు మారాయి, చెక్క ఇళ్లకి 2000లో మళ్లీ బిగించారు. మీ 1996 ఇల్లు రెంటికీ మధ్యది. అతుకుల దగ్గర ఇనుప బిగింపులు చూపించుకోండి.

నిషికసాయి_రావు: అది చేయించుకోవచ్చు. అసలు వీళ్లకి ఇల్లు నిలబెట్టుకునే బుద్ధి లేదు. రాజమండ్రిలో మా తాత కట్టిన పెంకుటిల్లు ఈనాటికీ చెక్కుచెదరలేదు.

గట్టుమీద_గోపి: బుద్ధి మాటెత్తకండి. అకితాలో మా మావగారు ‘పిల్లలకుంటుంది’ అనే కట్టారు. ఆయన పోయాక అటెళ్లేవాళ్లే లేరు. కొనేవాడు రాడు. కూలగొడదామంటే కూలీ ఖర్చు ఒకటి, ఇల్లు లేని నేలకి పన్ను రాయితీ పోవడం ఇంకోటి. మంచు పడితే కప్పు మీది మంచు తీయించడానికి డబ్బు పంపేది నేనే. 2023 సర్వేలో 90 లక్షల ఖాళీ ఇళ్లు తేలాయి. ఒకటి నా మెడకే ఉంది.

నిషికసాయి_రావు: మీ అత్తారిల్లు వదలక మా మీద పడతారేంటి? ఇల్లంటే పిల్లలకిచ్చేదండీ, వాడి పారేసేది కాదు!

గట్టుమీద_గోపి: రాజమండ్రి ఇంట్లో ఇప్పుడెవరుంటున్నారు?

నిషికసాయి_రావు: తాళం వేసుంది. అయితే?

తుంపర: 😐

కవాగుచి_కుర్రాడు: సుబ్బుగారూ, ఆ బిగింపులు చూడాలంటే అటకెక్కనిస్తారా, గోడ విప్పాలా?